వయోజన అక్షరాస్యతకు అంతర్జాతీయ పురస్కారాలు: పాలమూరు, నల్లగొండ నేపథ్యం

పెద్దవాళ్లకు చదువు నేర్పే కృషికి ప్రపంచస్థాయిలో దక్కే గుర్తింపుల్లో ముఖ్యమైనవి యునెస్కో అక్షరాస్యతా బహుమతులు. నిరక్షరాస్యత నిర్మూలన కోసం 1965 సెప్టెంబరు 8న టెహరాన్‌లో వివిధ దేశాల విద్యామంత్రుల మహాసభ మొదలైంది. ఆ తేదీనే యునెస్కో మరుసటి ఏడాది అంతర్జాతీయ అక్షరాస్యతా దినంగా ప్రకటించింది. 1967లో బహుమతులు మొదలయ్యాయి. తొలి బహుమతి ఇరాన్ షా పేరిట ఏర్పడింది. తర్వాత సోవియట్ యూనియన్ క్రుప్‌స్కయా పేరిట, జపాన్‌వారు నోమా పేరిట నెలకొల్పారు. షా పాలన, సోవియట్ రాజ్యం పోయాక వాటి బహుమతులూ పోయాయి. నోమా బహుమతీ ఇప్పుడు లేదు. ఉన్నవి రెండు. దక్షిణ కొరియా 1989లో పెట్టిన సెజోంగ్ రాజు బహుమతి మాతృభాషలో అక్షరాస్యతకు పెద్దపీట వేస్తుంది. చైనా 2005లో పెట్టిన కన్ఫ్యూషియస్ బహుమతి పల్లెల్లోని వయోజనులను, ముఖ్యంగా స్త్రీలను దృష్టిలో పెట్టుకున్నది.

మన దేశంలో కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు (1990), జాతీయ అక్షరాస్యతా మిషన్ (1999), బుందేల్‌ఖండ్ గ్రామీణ స్త్రీలు నడిపే 'ఖబర్ లహరియా' పత్రిక (2009) ఈ బహుమతులు అందుకున్నాయి.

తెలుగువారిలో ఈ చరిత్ర దుర్గాబాయి దేశ్‌ముఖ్‌తో (1909–1981) ముడిపడి ఉంది. ఆమె 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభను స్థాపించారు. బాల్యంలో చదువు తప్పిపోయిన స్త్రీలను పరీక్షలకు తయారుచేయడం దాని మొదటి పనుల్లో ఒకటి. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు 1958 నుంచి దేశమంతటా నడిపిన సంక్షిప్త విద్యా కోర్సులకు మూలం అక్కడే ఉంది. 1971లో ఆమెకు నెహ్రూ అక్షరాస్యతా పురస్కారం వచ్చింది. అది భారత వయోజన విద్యా సంఘం ఇచ్చే జాతీయ పురస్కారం. అక్షరాస్యతలో విశిష్ట కృషికి యునెస్కో పురస్కారం, పాల్ జి. హాఫ్‌మన్ పురస్కారం కూడా ఆమెను వరించాయి. హైదరాబాదులో సభ నెలకొల్పిన లిటరసీ హౌస్ తెలుగు వాచకాలు తయారుచేసి, బోధకులకు శిక్షణ ఇచ్చి, రాష్ట్ర వనరుల కేంద్రంగా ఎదిగింది.

దుర్గాబాయి పేరెత్తగానే రాజ్యాంగ సభ, ప్రణాళికా సంఘం గుర్తుకొస్తాయి. పాలమూరు (మహబూబ్‌నగర్) పల్లెలు మాత్రం వెనకబడిపోతాయి. అది అన్యాయం. ఆమె 1962లో ఢిల్లీలో స్థాపించిన సామాజికాభివృద్ధి మండలి 1970లలో యూనిసెఫ్ సాయంతో మహబూబ్‌నగర్ జిల్లాలో గ్రామీణ స్త్రీలకు అనియత విద్యా ప్రయోగం చేసింది. 1976లో వెలువడిన నివేదిక 'మహబూబ్‌నగర్ ప్రయోగం' పేరుతోనే ప్రసిద్ధి. తల్లికి అక్షరాలు ఒక్కటే నేర్పితే చాలా, లేక పసిపిల్ల తిండి, టీకాలు, శుభ్రతతో కలిపి నేర్పితే మేలా అన్నది ప్రశ్న. కొన్ని ఊళ్లలో చదువు తరగతులు, కొన్నిట తల్లీబిడ్డల కేంద్రాలు, ఇంకొన్నిట రెండూ నడిపి పోల్చి చూశారు. ఒళ్లో బిడ్డ, చేతిలో పలక ఉన్న ఆడమనిషికి పాఠం ఎలా చెప్పాలన్నది అప్పటి ప్రపంచ వయోజన విద్యారంగమంతా ఆలోచిస్తున్న సంగతి. దానికి జవాబు వెతికింది ఈ మెట్ట పల్లెల్లో.

ఇక్కడ చదువు నిలవకపోవడానికి వలస పెద్ద కారణం. పంట ఇల్లు చేరగానే గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సుకు నిశానీ వేసి, మూటాముల్లె కట్టుకొని డ్యాములకు, కాలువ పనులకు వెళ్లిపోయే 'పాలమూరు లేబర్' తొలకరికి గాని తిరిగిరాదు. నెలల తరబడి రోజూ సాగాల్సిన రాత్రిబడి మధ్యలోనే ఆగిపోతుంది. అడ్వాన్సు ఎంత, పట్టుకున్నది ఎంత అని లెక్క చదువుకోగలగడం ఎవరికన్నా వాళ్లకే ఎక్కువ అవసరం. 1993లో మహిళా సమత కార్యక్రమం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ముందుగా మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల్లోనే మొదలైంది. అది స్త్రీలు సంఘంగా కూడడాన్ని ముందు పెట్టి, అక్షరాన్ని దాని వెంట తెచ్చింది. ఈ నేలకు అదే తగిన దారి.

నల్లగొండది మరో వారసత్వం. నిజాం కాలంలో ఉర్దూ రాజభాషగా ఉన్నప్పుడే 1918లో అక్కడ ఆంధ్ర సరస్వతీ గ్రంథనిలయం వెలిసింది. 1922లో షబ్నవీసు వెంకట రామనరసింహారావు 'నీలగిరి' పత్రిక పెట్టారు. పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి 1926లో 'గోలకొండ' ప్రారంభించారు. ఇవేవీ బహుమతుల చరిత్రకెక్కవు. కానీ తెలుగు చదవాలన్న పట్టుదల జనంలో పెరిగింది వీటివల్లనే.

హైదరాబాదు శ్రామిక విద్యాపీఠంలో కార్మికుల చదువు పని చూసిన శాంతా సిన్హా తర్వాత ఎం.వి. ఫౌండేషన్ ద్వారా బాలకార్మికులను బడికి మళ్లించారు. రంగారెడ్డిలో మొదలైన ఆ పని నల్లగొండకూ విస్తరించింది. ఆమెకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. అది పిల్లల చదువుకు దక్కిన గౌరవమే అయినా ఇక్కడ చెప్పుకోదగినది. పిల్ల బడికి పోతే రేపటి నిరక్షరాస్య వయోజనురాలు ఒకరు తగ్గినట్టే.

1991 జనగణనలో మహబూబ్‌నగర్ అక్షరాస్యత 30 శాతం లోపే. 2011 నాటికి అది 55 శాతానికి, నల్లగొండలో 64 శాతానికి చేరింది. అప్పటికీ మహబూబ్‌నగర్ స్త్రీలలో సగం మందికి పైగా చదవలేనివారే. 2009లో మొదలైన సాక్షర భారత్ పథకం స్త్రీల అక్షరాస్యత 50 శాతం మించని జిల్లాలను ఎంచుకుని, గ్రామాల్లో వయోజన విద్యా కేంద్రాలు తెరిచింది. 2018 మార్చితో ఆ పథకం ముగిసింది.