ఆగని విద్యుత్తు: టెలిఫోను బ్యాటరీ నుండి నెట్‌వర్కు మాడ్యూలు వరకు

ఊరంతయు దీపములారిన రాత్రులందు సైతము తీగ టెలిఫోను పలుకుచుండెడిది. ఇది పాత తరమువారు ఎరిగిన విషయమే. ఆ టెలిఫోనునకు ఇంటి కరెంటుతో సంబంధము లేదు. దానికి కావలసిన విద్యుత్తు ఎక్స్ఛేంజినుండి, మాటలు వచ్చు తీగల మీదనే వచ్చుచుండెను. మరి ఎక్స్ఛేంజికి కరెంటు పోదా? పోవును. అయినను అచటి యంత్రములు ఆగరాదు. ఈ చిక్కును విడదీయుటకు ఇంజనీర్లు నూరు సంవత్సరములకు పైగా కృషి చేసిరి. ఆ కృషి ఫలితమే నేడు నెట్‌వర్కు పరికరముల వెనుక అమర్చియుండు చిన్న పెట్టె. పరికరమును ఆపకుండగనే దీనిని ఊడదీసి, వేరొకదానిని పెట్టవచ్చును. దీనినే పవర్ సప్లయి మాడ్యూలు అందురు.

ఇంటింట ఒక ఘటము

1876లో అలెగ్జాండర్ గ్రాహం బెల్ టెలిఫోనుకు పేటెంటు పొందెను. 1878 జనవరి 28న అమెరికాలోని న్యూ హేవెన్ పట్టణమున 21 మంది చందాదారులతో తొలి వాణిజ్య ఎక్స్ఛేంజి ప్రారంభమైనది. 1882లో కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములందు ఎక్స్ఛేంజిలు వెలసినవి.

ఆనాటి ఏర్పాటులో ప్రతి టెలిఫోను ప్రక్కన ఒక బ్యాటరీ ఉండెడిది. 1866లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జార్జి లెక్లాంచే రూపొందించిన ఘటములను ఇందుకు విరివిగా వాడిరి. జింకు కడ్డీ, కర్బనపు కడ్డీ, నవసాగర ద్రావణము ఇందలి ముఖ్య భాగములు. ద్రావణము ఎండిపోయినను, జింకు కరిగిపోయినను మాట సన్నగిల్లి, తుదకు ఆగిపోవును. వేయిమంది చందాదారులున్న ఊరిలో వేయి చోట్ల బ్యాటరీలుండెను. వానిని చూచుటకు, మార్చుటకు మనుష్యులు ఇల్లిల్లు తిరుగవలసి వచ్చెను. ఏది ఎప్పుడు క్షీణించునో ముందుగ తెలిసెడిది కాదు. చందాదారుడు ఫిర్యాదు చేయవలెనన్న అతని టెలిఫోనే పనిచేయకుండెను!

ఇరువదినాలుగు ఘటముల వరుస

దీనికి నివారణోపాయము బ్యాటరీలన్నింటిని ఒక్కచోట చేర్చుటయే. 1859లో గాస్టన్ ప్లాంటే కనిపెట్టిన సీసపు ఘటము ఇందుకు తోడ్పడినది. అది శక్తి తరిగిన పిదప మరల విద్యుత్తును నింపుకొనగలదు. 1893లో మసాచుసెట్స్ రాష్ట్రమందలి లెక్సింగ్టన్ పట్టణమున, చందాదారులందరికి ఎక్స్ఛేంజినుండియే విద్యుత్తునిచ్చు కేంద్ర బ్యాటరీ పద్ధతి అమలునకు వచ్చినది.

సీసపు ఘటము ఒక్కొక్కటి సుమారు 2 వోల్టులనిచ్చును. 24 ఘటములను వరుసగ కలిపినచో 48 వోల్టులగును. కాలక్రమమున పెక్కు దేశముల ఎక్స్ఛేంజిలలో ఇదియే ప్రమాణమైనది. ఈ బ్యాటరీ ధనధ్రువమును భూమికి కలిపి, ఋణధ్రువమును తీగలకు ఇచ్చెదరు. దీని కారణము పాఠశాలలో చదువు విద్యుద్విశ్లేషణమందే ఉన్నది. తడి నేలలోని రాగితీగ భూమికంటె ధనాత్మకముగ ఉన్నచో ఆనోడువలె క్రమముగ కరిగిపోవును. ఋణాత్మకముగ ఉన్నచో ఆ నష్టము తప్పును.

తరువాత కరెంటు సరఫరాను, బ్యాటరీని సమాంతరముగ కలుపు పద్ధతి స్థిరపడినది. బయటినుండి వచ్చు ఏకాంతర ప్రవాహమును రెక్టిఫయరు ఏకముఖ ప్రవాహముగ మార్చును. అది ఘటమునకు సుమారు 2.25 వోల్టుల చొప్పున, మొత్తము 54 వోల్టులతో ఎక్స్ఛేంజిని నడుపుచు, బ్యాటరీని నిండుగ ఉంచును. కరెంటు పోయిన క్షణముననే బ్యాటరీ బరువును మోయసాగును. మీట త్రిప్పవలసిన పని లేదు కాబట్టి నడుమ విరామము కూడ లేదు. సంభాషించుచున్నవారికి కరెంటు పోయిన సంగతియే తెలియదు.

నలుబది ఏండ్లలో రెండు గంటలు

1965లో అమెరికాలోని న్యూ జెర్సీ రాష్ట్రమున, సక్కసన్నా అను ఊరిలో బెల్ సంస్థ ఎలక్ట్రానిక్ ఎక్స్ఛేంజిని ప్రారంభించినది. నలుబది సంవత్సరములలో మొత్తము రెండు గంటలకు మించి ఆగరాదని దాని రూపకర్తలు లక్ష్యముగ పెట్టుకొనిరి. అందుకై ముఖ్య భాగములను జంటలుగ అమర్చిరి.

1969లో ఆర్పానెట్ ద్వారా కంప్యూటర్ల నెట్‌వర్కు ఆరంభమైనది. కాని కంప్యూటరు సంప్రదాయము వేరు. విద్యుత్సరఫరా భాగము యంత్రము లోపల బిగించియుండెడిది. అది చెడినచో యంత్రమును ఆపి, మూత విప్పవలసి వచ్చెడిది. బ్యాంకులు, రైల్వే రిజర్వేషన్లు నెట్‌వర్కులపై ఆధారపడిన కొలది ఈ విరామము భరింపరానిదైనది. అంతట టెలిఫోనువారి జంట పద్ధతి కంప్యూటరు పరికరములలోను ప్రవేశించినది.

ఇందుకు మరియొక సాంకేతిక ప్రగతి కలిసివచ్చినది. సెకనుకు 50 ఆవృత్తులతో పనిచేయు ట్రాన్స్‌ఫార్మరుకు బరువైన ఇనుప గర్భము కావలెను. ట్రాన్సిస్టర్ల సాయమున ఆవృత్తులను వేలకు, లక్షలకు పెంచినచో చిన్న ఫెర్రైటు గర్భము చాలును. 1970 తరువాత వ్యాపించిన ఈ పద్ధతివలన విద్యుత్సరఫరా పరికరము ఒక చేత ఎత్తదగినంత చిన్నదైనది.

నడుచు యంత్రమున మార్పు

పరికరమున రెండు మాడ్యూళ్లుండును. మామూలుగ బరువును చెరిసగము పంచుకొనును. కాని ఏ ఒక్కటియైనను మొత్తము బరువును మోయగలదు. ఒకటి లోపల షార్టయినచో రెండవదాని విద్యుత్తు అందులోనికి వెనుకకు పారరాదు. అందుకై డయోడును గాని, దాని వలె పనిచేయు ట్రాన్సిస్టరును గాని అడ్డముంచెదరు.

క్రొత్త మాడ్యూలును చొప్పించునప్పుడు మరియొక ప్రమాదము కలదు. అందలి ఖాళీ కెపాసిటర్లు ఒక్కసారిగ విద్యుత్తును లాగికొని, నడుచుచున్న పరికరమును కుంగదీయవచ్చును. కనుక ప్రవాహము మెల్లగ పెరుగునట్లు ఒక నియంత్రణ వలయము ఉండును. కొన్నింటిలో పిన్నుల పొడవులు కూడ వేరుగ ఉండును. పొడవైన భూమి పిన్ను ముందు తగులును, పిదప విద్యుత్తు పిన్నులు, చివర పొట్టి పిన్ను. ఆ పొట్టి పిన్ను తగిలిన తరువాతనే మాడ్యూలు పని ప్రారంభించును.

మార్చువాడు పాటింపవలసిన క్రమము కలదు. దీపములను చూచి చెడినది ఏదో నిశ్చయించుకొనవలెను. పొరపాటున మంచిదానిని లాగినచో పరికరమంతయు ఆగును. క్రొత్తది అదే రకము, అదే సామర్థ్యము కలది కావలెను. ముందు స్విచ్చి ఆపి, తీగ ఊడదీసి, తరువాత గొళ్లెము తీసి మాడ్యూలును లాగవలెను. 48 వోల్టుల తీగలైనచో మొదట వాని బ్రేకరును ఆపవలెను. భూమితీగను చివర విప్పి, ముందుగ కట్టవలెను. క్రొత్తది గొళ్లెము పడువరకు నెట్టి, తీగ కలిపి, ఆకుపచ్చ దీపము వెలుగువరకు చూడవలెను. చోటును ఖాళీగ వదలరాదు, ఏలనన చల్లగాలి దారి తప్పి పరికరము వేడెక్కును.

ఎవరును చూడని ఆరు గంటలు

ఇన్ని ఏర్పాటులున్నను ఒక లోపము మిగిలియున్నది. దానిని 1991 సెప్టెంబరు 17 లోకమునకు చూపినది. ఆ దినము న్యూయార్కులో వేడిమి మిక్కుటముగ ఉండెను. విద్యుత్ సంస్థకు భారము తగ్గించుటకై థామస్ వీధిలోని ఏటీఅండ్‌టీ ఎక్స్ఛేంజి తన సొంత జనరేటర్లకు మారినది. ఆ మార్పులో రెక్టిఫయర్లు ఆగిపోయినవి. వెంటనే బ్యాటరీలు బరువును ఎత్తుకొనినవి. కాల్సు యథాప్రకారము నడిచినవి. హెచ్చరిక సంకేతములు వచ్చినను ఎవరును గమనింపలేదు. అక్కడి సాంకేతికులు కొందరు ఆనాడు హెచ్చరిక వ్యవస్థను గురించిన శిక్షణకే వెళ్లియుండిరి. సుమారు ఆరు గంటల తరువాత బ్యాటరీలు ఉడిగిపోయినవి. 50 లక్షల వరకు కాల్సు నిలిచిపోయినవి. నగర ప్రాంతపు మూడు పెద్ద విమానాశ్రయములలో రాకపోకలు స్తంభించినవి.

ఆనాడు బ్యాటరీ తన పనిని చక్కగ చేసినది. చక్కగ చేసినందుననే లోపము ఆరు గంటలు దాగియున్నది. జంట మాడ్యూళ్లకును ఇదే వర్తించును. మొదటిది చెడినప్పుడు సేవ ఆగదు కాబట్టి ఎవరికిని తెలియదు.

ఒక చిన్న లెక్క ఈ విషయమును స్పష్టము చేయును. ఒక మాడ్యూలు సంవత్సరములో చెడు అవకాశము 100కి 1 అనుకొందురు గాక. జంటలో ఒకటి చెడిన పిదప దానిని ఏడాది మార్చకున్నచో, పరికరము ఆగు అవకాశము 100కి 1. ఒక్క దినములో మార్చినచో ఆ అపాయము ఒక దినమునకే పరిమితమై, సుమారు 36,500కి 1 అగును. రెండు మాడ్యూళ్ల తీగలను ఒకే ప్లగ్గు వరుసకు తగిలించినచో మాత్రము ఈ లెక్క యావత్తు వ్యర్థమే. ఆ వరుసకు కరెంటు పోయినచో రెండును ఒకేసారి ఆగును.

కావున రెండవ మాడ్యూలు ఇచ్చునది కొంత వ్యవధి మాత్రమే. ఆ వ్యవధిలో ఎర్రదీపమును చూచి, చెడినదానిని మార్చవలసినది మనుష్యుడు.