జరమే గదా

మా అక్క గడ్డతో పోలేదు. అందరూ గడ్డతోనే పోయిందనుకుంటారు. దినాలకు వచ్చిన చుట్టాలు కూడా "క్యాన్సరాయె, ఎవరు ఆపుతరు" అని కళ్లొత్తుకుని వెళ్లిపోయారు. కానీ మూడు కీమోలయ్యేసరికి నిమ్మకాయంత గడ్డ రేగుపండంత అయింది. డాక్టరమ్మ తడిమి చూసి నవ్వింది. ఆ నవ్వు చూసి అక్క ఊళ్లో తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేసింది. ఆ రోజే నాలుగో కీమో ఎక్కించారు. ఆ తర్వాత పదమూడు రోజులే బతికింది.

కోరుట్ల దగ్గర మా పల్లె. పెళ్లిచూపుల్లో పిల్లకు బీడీలు వచ్చునా అని అడిగిన కాలం మాది. అక్క పొద్దుపొడుపుకే చాట ఒళ్లో పెట్టుకునేది. తడిపిన తునికాకు కత్తిరించి, చిటికెడు తంబాకు పోసి, చుట్టి, కొస మడిచి, దారం కట్టి, ఇరవై ఐదింటికి ఒక కట్ట. మాట్లాడుతున్నా, నవ్వుతున్నా, ఏడుస్తున్నా ఆ వేళ్లు ఆగేవి కావు. "తమ్మీ, నువ్వు సదువుకో, ఆకు సంగతి నేను జూసుకుంట" అనేది. నా డిగ్రీ ఆ వేళ్ల మీదే నడిచింది.

2018 వానాకాలంలో గడ్డ ఆమె చేతికి తగిలింది. నొప్పి లేదు. నొప్పి లేనిదాన్ని మా ఇళ్లలో రోగమనరు. రొమ్ము అనే మాట తమ్ముడితో ఎట్లా అంటుంది? ఆరు నెలలు పసరు కట్టుకుంది. ఆ ఆరు నెలల్లో నేను రెండు పండుగలకు ఇంటికొచ్చాను. ఆమె చేతి వంట తిన్నాను. ఆమె మొహంలోకి ఒక్కసారి నిదానంగా చూసి ఉంటే!

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల వాళ్లకు క్యాన్సరంటే హైదరాబాద్ బస్సే. 1955 నుంచీ గోదావరికి ఇవతలి పేదలకూ అవతలి పేదలకూ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ఆస్పత్రి దిక్కు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ఇంకొన్ని తలుపులు తెరుచుకున్నాయి. మేము తట్టిన తలుపు వేరు. దాని పేరు ఇక్కడ రాయను. వాళ్లు మందుకు రూపాయి తీసుకోలేదు, ఆ మాట ముందుగా చెప్పాలి. మందు మంచిదే. మంచమే చాలలేదు.

ఒక మంచానికి ఇద్దరు. అక్కతో పాటు ఉట్నూరు అవతలి గూడెం నుంచి వచ్చిన ఒక గోండు తల్లి. ఒకరి తల దగ్గర ఇంకొకరి పాదాలు. ఆమెకు తెలుగు అంతంతమాత్రం, అక్కకు గోండి రాదు. అయినా ఒకరికి వాంతి వస్తే ఇంకొకరు తట్ట పట్టేవాళ్లు. ఎర్ర మందు పైపులో దిగుతుంటే "రూఅఫ్జా లెక్కున్నది" అని అక్క నవ్వింది. బాత్రూముకు గొళ్లెం లేదు. బయట నిలబడి తలుపు పట్టుకునేవాణ్ణి. లోపల నేల ఎప్పుడూ ఆరేది కాదు. నీళ్లు ఒక పూట వస్తే ఒక పూట రావు. మంచాల కింద మాలాంటి వాళ్ల నిద్ర, మంచాల మీద దగ్గు.

ఆ మందు గడ్డనొక్కదాన్నే కొట్టదు. ఒంట్లో వేగంగా పెరిగే ప్రతిదాన్నీ కొడుతుంది: జుట్టు కుదుళ్లను, నోటి పొరను, ఎముకల్లోని మూలుగను. మూలుగ దెబ్బతింటే తెల్లకణాలు పడిపోతాయి. మందు ఎక్కిన ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా మనిషి కావలి లేని చేను. ఆ రోజుల్లో జ్వరం 100.4 డిగ్రీలు దాటిందా, ఆస్పత్రిలో అడుగుపెట్టిన గంటలోపు యాంటీబయాటిక్ నరంలోకి ఎక్కాలి. జ్వరం వస్తే వెంటనే రమ్మని డిశ్చార్జి కాగితం మీద ఇంగ్లిష్‌లో ఒక వాక్యం ఉంది. ఆమె చదివించిన నేను, ఆ కాగితాన్ని చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాను.

నాలుగో కీమో తర్వాత పదో రోజు పొద్దుగూకే వేళ "తమ్మీ, ఒళ్లు కాలుతున్నది" అంది. బయలుదేరదామా అన్నాను. "జరమే గదా, గోలీ ఏసుకుంట. రాత్రిపూట కారు కిరాయి ఎందుకు" అంది. జరమే గదా అని నేనూ అనుకున్నాను. తెల్లారి ఊళ్లో ఒక సూది. మధ్యాహ్నం కరీంనగర్‌లో ఒక డాక్టరు "కీమో ఎక్కించిన కాడికే పొండి" అన్నాడు. అక్కడి నుంచి నూట అరవై కిలోమీటర్లు. రాత్రికి చేరాం. చీటీ, కౌంటరు, అనుమతి. కౌంటరులోని పిల్లవాడు కూడా నిద్ర లేక తూలుతున్నాడు, అతన్ని ఏమనగలను? వరండా బెంచీ మీద అక్క నా భుజాన తల ఆనించింది. సీసా ఎక్కేసరికి ఇంకో నాలుగు గంటలు గడిచాయి.

మర్నాడు మగతలో ఆమె వేళ్లు దుప్పటి అంచును చుట్టడం మొదలుపెట్టాయి. చుట్టి, కొస మడిచి, పక్కన పెట్టి, మళ్లీ చుట్టి. ఆదిలాబాద్ అడవుల్లో తునికాకు తెంపే రోజులవి, 2019 ఎండాకాలం. పదమూడో రోజు తెల్లవారుజామున ఆ వేళ్లు ఆగాయి. నేను పుట్టిన నాటి నుంచీ వాటిని ఊరికే ఉండగా చూడటం అదే మొదటిసారి.

దేశమంతటా జిల్లా ఆస్పత్రుల్లో క్యాన్సర్ డే కేర్ కేంద్రాలు పెడతామని 2025 కేంద్ర బడ్జెట్‌లో చెప్పారు, మొదటి ఏడాది 200 అన్నారు. మంచిదే. అక్కడ ఒక మనిషికి ఒక మంచం, తలుపుకు గొళ్లెం, రాత్రిపూట జ్వరాన్ని జ్వరంగా కాక నిప్పుగా చూసే ఒక్క మనిషి ఉండాలి.

అప్పటిదాకా, మీ ఇంట్లో ఎవరికైనా కీమో నడుస్తుంటే, వాళ్లిచ్చిన కాగితం ఇవాళే చదవండి. జ్వరం వస్తే తెల్లారే దాకా ఆగకండి.