సీసాలు చెప్పు జపాను చరిత్ర

టోకియో నగరమున విస్కీయందు అభిరుచిగల యొక గృహస్థుని అలమర ఎట్లుండునో ఊహింపుడు. పై అరలో వయస్సు ముద్రించిన సీసాలు రెండో మూడో యుండును. పాత స్నేహితుడు వచ్చిననాడో, ఇంట శుభకార్యము జరిగిననాడో గాని అతడు వాని మూత విప్పడు. క్రింది అరలో తాబేటి చిప్పవలె గళ్లు తీర్చిన చదరపు సీసా యొకటి యుండును. అది నెల తిరుగకుండగనే ఖాళీయై, దాని స్థానమున మఱియొకటి వచ్చుచుండును. పై అర సీసాలను గూర్చి లోకమంతయు వ్రాయుచున్నది. మాకు మాత్రము క్రింది అర సీసాయే ఎక్కువ చరిత్ర గలదిగా తోచుచున్నది. పై అరలోనిది పుట్టుటకును, నేడది దొరకకపోవుటకును గూడ మూలము క్రింది అరలోనే యున్నది.

మద్యపానమును మెచ్చుట మా ఉద్దేశము కాదని శ్రోతలకు వేరుగ చెప్పనక్కఱలేదు. ఒక జాతి పరదేశపు వస్తువును తెచ్చుకొని దానిని తన భోజనపు బల్లకు ఎట్లు మలచుకొన్నదో తెలిసికొనుటయే నేటి ప్రసంగమునకు విషయము.

అమెరికా నౌకాధిపతి పెరీ 1854లో రెండవమారు జపానునకు వచ్చినపుడు తెచ్చిన కానుకలలో చిన్న ఆవిరి రైలుబండియు, తంతి యంత్రమును, వానితోపాటు విస్కీయు నుండెను. రైలును, తంతిని జపానువారు ఒక తరము తిరుగకుండగనే నేర్చుకొనిరి. విస్కీకి డెబ్బది యేండ్లు పట్టినది. నడుమకాలమున ఆ పేరుతో అంగళ్లలో అమ్ముడుపోయిన దానిలో చాలభాగము ఆల్కహాలునకు రంగును, చక్కెరను, సుగంధద్రవ్యములను కలిపి చేసిన కృత్రిమ పానీయమే.

హిరోషిమా ప్రాంతమందలి తకెహర పట్టణమున, సాకే తయారుచేయు కుటుంబమున 1894లో జన్మించిన తకెత్సురు మసతక, ఒసాకాలో మద్యముల తయారీశాస్త్రము చదివి సెత్సు షుజో అను సంస్థలో చేరెను. అదియు కృత్రిమ విస్కీ చేయు సంస్థయే. అసలైనదానిని నేర్చి రమ్మని ఆ సంస్థవారు 1918లో ఆయనను స్కాట్లండునకు పంపిరి. ఆయన గ్లాస్గో విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్ర పాఠములు వినెను. లాంగ్‌మోర్న్ బట్టీలో కొలది దినములును, కాంబెల్‌టౌనులోని హేజల్‌బర్న్ బట్టీలో కొన్ని మాసములును పనిచేసి, చూచినదెల్ల బొమ్మలతోసహా నోటుపుస్తకములలో వ్రాసికొనెను. 1920 జనవరిలో, రీటా అని పిలువబడు జెస్సీ రాబర్టా కోవన్‌ను, ఇరువైపుల పెద్దల అయిష్టమును త్రోసిపుచ్చి వివాహమాడెను. ఆ యేడు చివర దంపతులు జపాను చేరునప్పటికి ప్రథమ ప్రపంచయుద్ధానంతరపు ఆర్థికమాంద్యము సెత్సు సంస్థను క్రుంగదీసియుండెను. విస్కీ సంకల్పము మూలబడినది. తకెత్సురు ఉద్యోగము వదలి కొంతకాలము పాఠశాలలో రసాయనశాస్త్రము బోధించెను.

ఆయనను అచటినుండి పిలిచినవాడు ఒసాకా వర్తకుడు తొరీ షింజిరో. ఈయన 1907లో తీపి ద్రాక్షాసవమొకటి అమ్మకమునకు తెచ్చి ధనము గడించినవాడు. కొతొబుకియా అను సంస్థకు అధిపతి. నేటి సంటోరీ సంస్థ దానినుండి వచ్చినదే. 1923లో పదియేండ్ల ఒడంబడికపై తకెత్సురును చేర్చుకొని, క్యోటో ఒసాకాల నడుమ యమజాకి గ్రామమున బట్టీ కట్టించెను. 1924లో అది పూర్తియైనది. స్కాట్లండును పోలిన చలి గల ఉత్తరదేశమున బట్టీ పెట్టవలెనని తకెత్సురు కోరిక. కొనువాడు వచ్చి కన్నులార చూడగల చోట నుండవలెనని తొరీ పట్టుదల. ధనము తొరీది గావున అతని మాట చెల్లినది. చోటు మాత్రము చెడ్డది కాదు. కత్సుర, ఉజి, కిజు అను మూడు నదులు కలియు తావది. మంచు దట్టముగ క్రమ్మును. తేనీటి కర్మకు ఆచార్యుడైన సెన్ నో రిక్యూ నిర్మించినదని చెప్పు రెండు చాపల తేనీటి గది నేటికిని యమజాకిలోనే యున్నది. మంచినీటికి పేరుపొందిన ఊర విస్కీబట్టీ వెలయుట మాకు వింతగ తోచదు.

ఇచటి మొదటి విస్కీ 1929లో తెల్లని చీటీతో, నాలుగున్నర యెన్ల వెలకు అంగళ్లకు వచ్చెను. కొన్నవారు పెదవి విఱిచిరి. స్కాట్లండు పద్ధతిని యవల మొలకలను పీటు పొగపై ఆరబెట్టుటచే వచ్చిన వాసన వారికి మాడుకంపుగ తోచినది. తొరీ తన సంస్థను నిలుపుటకు, పొగత్రాగువారి కొరకు తయారుచేయు పండ్లపొడి వ్యాపారమును, పిదప బీరు వ్యాపారమును అమ్ముకొనెను. కొనువాని నాలుక మారవలెనా, లేక సరకే మారవలెనా? ఈ ప్రశ్నకు ఇరువురును రెండు దారులు పట్టిరని మా యభిప్రాయము. తొరీ పొగ తగ్గించి, జపాను భోజనమునకు ఒదుగు మెత్తని రుచిని వెదకెను. 1937లో ఆయన తెచ్చినదే పైన చెప్పిన చదరపు సీసా, కాకుబిన్. తకెత్సురు ఒడంబడిక ముగియగనే 1934లో, తాను మొదటినుండి కోరిన ఉత్తరపు హొక్కైదో ద్వీపమున యోయిచి గ్రామము చేరెను.

విస్కీకి సీసా రూపము వచ్చులోపల అది పీపాలో ఏండ్లు గడుపవలెను. అంతవరకు జీతములు ఆగవు గదా. అందుచే ఆయన చుట్టుప్రక్కల తోటలలోని ఆపిలుపండ్లు కొని రసముతీసి అమ్మెను. సంస్థ పేరును దై నిప్పొన్ కజు, అనగా మహా జపాను పండ్లరసపు కంపెనీ. ఆ పేరులోని రెండక్షరముల కలయికయే 1940లో వెలువడిన నిక్కా విస్కీకి పేరైనది. యోయిచిలో రాగి బానల క్రింద బొగ్గును పారతో ఎగద్రోయు పాత పద్ధతి నేటికిని విడువలేదు.

యుద్ధము వచ్చినది. విదేశపు సరకు నిలిచిపోయినను నౌకాదళమువారికి విస్కీ కావలసియుండెను. కావున దేశమున ధాన్యము కఱవైనను బట్టీలకు యవలు దొరకుచుండెను. ఈ వ్యాపారము బ్రతికి బట్టకట్టినది సైన్యపు అవసరముచేతనే యనుట చరిత్రలో సుఖమైన పుట కాదు. కాని దానిని దాచి చెప్పరాదు. అదే కాలమున యోయిచిలోని రీటా, శత్రుదేశపు ఆడపడుచు గావున, పోలీసుల కనుసన్నలలో బ్రతుకవలసి వచ్చెను. ఆమె ఊరు విడువలేదు. 1961లో అచటనే మరణించినది. మరుసటి యేడు భర్త ఆమె స్మృతికై చేసిన మిశ్రమమే సూపర్ నిక్కా. ఊరి సమీపమున కొండపై ఇరువురి సమాధియు నున్నది.

పరదేశపు ఓకు పీపాలు రానందున స్వదేశపు మిజునారా ఓకును వాడవలసివచ్చుటయు ఆ కాలపు పనియే. అది వంకరగ పెరుగును, పీపాచేసిన కారును, క్రొత్తలో రుచియు నంత బాగుండదు. కాని చాలకాలము నిలిచిన పిదప దానినుండి గంధపు చెక్కను, అగరును తలపించు పరిమళము వచ్చునని తెలిసినది. నేడు రసికులు ఎక్కువ వెల ఇచ్చి కోరునది ఆ కఱ్ఱ వాసననే.

యుద్ధము ముగిసిన దేశమున చేత రూక లేదు. 1946లో కొతొబుకియావారు టోరిస్ అను చౌక విస్కీని తెచ్చిరి. నాటి పన్నుచట్టము విస్కీని తరగతులుగ విభజించెను. మూడవ తరగతిలో యవమద్యము నూటికి అయిదు పాళ్లకు మించరాదు, అసలు లేకున్నను చెల్లును. అట్టిదానిని చేయనని పట్టుపట్టిన తకెత్సురు సైతము 1950లో లొంగవలసివచ్చెను. చట్టము ఒప్పు గరిష్ఠపు పాళ్లు తప్పక వేసి చేయించెను. ఇది ఆయనకు ఓటమియేయని కొందఱందురు. కార్మికుల జీతములు గడచినవిగదా యని మే మందుము.

ఆ దశాబ్దిలో టోరిస్ బార్లు అను చిన్న అంగళ్లు ప్రతి పట్టణమునను వెలసినవి. సోడానీరు కలిపిన విస్కీ, అనగా హైబాలు, ఆఫీసు గుమాస్తాల సాయంకాలపు పానీయమైనది. ఆ సంస్థ ప్రకటనల శాఖలో పనిచేసినవారిలో నొకడు కైకో తకెషి. 1957వ సంవత్సరపు అకుతగావా సాహిత్య బహుమానము పొందిన నవలాకారుడు. 1956లో వారు ప్రారంభించిన ప్రచారపత్రిక సాహిత్యపత్రికవలె చదువబడెను. ప్రకటనలు వ్రాయుట చేతగానివాని పనియని తలంచువారికి ఇది చెప్పదగినది.

పిదప వచ్చినది మిజువారి: ఒక పాలు విస్కీ, దానికి రెండుమూడింతల నీరు, మంచుగడ్డ. స్కాట్లండువారు చూచి నవ్విన నవ్వవచ్చును. కాని జపానువారు త్రాగుడును తిండిని వేఱుచేయరు. పచ్చిచేపకును, ఉడికిన కూరకును ఘాటైన మద్యము పొసగదు. శరీరతత్త్వముచే కొంచెము త్రాగిననే మొగము ఎఱ్ఱబారువారును అచట పెక్కురు. నీరు కలుపుటచే విస్కీ సాకేతో సమానమై భోజనముప్రక్క కూర్చుండగలిగినది. 1970ల దశాబ్దిలో సంటోరీవారు సుషీ అంగళ్లలోనికిని విస్కీని చేర్చుటకు పూనుకొని, ఆ ప్రయత్నమునకు రెండు పుల్లల పేరు, అనగా భోజనపు పుల్లల పేరు పెట్టిరి. బారులో ఒక సీసా మొత్తముగ కొని, మెడకు తన పేరిటి చీటీ కట్టించి, అచటనే అట్టిపెట్టు ఆచారమును ఆ కాలమున వ్యాపించెను. ఉద్యోగములో మెట్టు ఎక్కినకొలది సీసాయు మారుచుండెను: టోరిస్ నుండి కాకుబిన్, దానినుండి నల్లని గుండ్రని ఓల్డ్. ఆ ఓల్డ్ 1980లో ఒక కోటి ఇరువది లక్షల పెట్టెలకు పైగ అమ్ముడుపోయెను.

1983లో అమ్మకములు శిఖరము ముట్టి, పిదప పాతికేండ్లు దిగజారుచునే వచ్చినవి. పన్ను పెరిగినది. షోచూ మద్యము వాడుకలోనికి వచ్చినది. విస్కీ అనగా నాయనల కాలపు పానీయమని యువకులు ముఖము త్రిప్పుకొనిరి. బట్టీలు ఉత్పత్తి తగ్గించినవి, కొన్ని మూతపడినవి. హన్యూ, కరుయిజవ బట్టీలు రెండును 2000లో ఆగిపోయినవి. ఇచటనే మన కథకు ముడి యున్నది. పండ్రెండేండ్ల విస్కీ కావలెనన్న పండ్రెండేండ్లకు ముందే బట్టీ పెట్టియుండవలెను. కొనువాడు లేని కాలమున పీపాలు నింపు ధైర్యము ఎవరికుండును?

కొనువారు మరల వచ్చినది సరిగా అప్పుడే. 2001లో యోయిచి విస్కీ యొకటి బ్రిటిషు పత్రిక పెట్టిన పరీక్షలో మొదటిస్థానము గొనెను. 2008 ప్రాంతమున సంటోరీవారు హైబాలును పునరుద్ధరింపగా యువకులు వేయించిన కోడిమాంసముతో దానిని త్రాగ నారంభించిరి. 2014లో జాతీయ ప్రసారసంస్థ తకెత్సురు రీటాల జీవితము ఆధారముగ ధారావాహిక నాటకమొకటి ఉదయపు వేళలలో ప్రసారము చేయగా, దేశమంతయు దానిని చూచినది. పీపాలు సరిపోలేదు. 2018లో హకుషు పండ్రెండేండ్లది, హిబికి పదునేడేండ్లది అమ్మకము నిలిపివేయబడినవి. యమజాకి పండ్రెండేండ్లది 2024 ఏప్రిలులో పదివేల యెన్లనుండి పదునైదువేలకు పెరిగినది; ఆ వెలకైనను దొరకుట అరుదు. అంగడివారు చీట్లు తీసి, పేరు వచ్చినవానికి అమ్ముచున్నారు.

మోసమునకును అవకాశము కలిగెను. చట్టము సడలుగ నుండుటచే పరదేశమునుండి పీపాలలో తెచ్చిన విస్కీని సీసాలలో పోసి జపాను పేరు పెట్టి అమ్మినవారు కలరు. 2021లో తయారీదారుల సంఘము తనంతట నియమము లేర్పఱచుకొనెను: నీరు జపానుదై యుండవలెను, మూడేండ్లకు తక్కువగాకుండ ఆ దేశమందే పీపాలో నుంచవలెను, అచటనే సీసాలకెత్తవలెను. 2024 మార్చి చివరకు గడువు ముగిసినది. శాసనము గాకపోయినను, సీసామీది చీటీ చదువువానికి ఇది పెద్ద ఊరట.

హన్యూ బట్టీ చేతులు మారినపుడు క్రొత్త యజమానులకు పాత పీపాలు అక్కఱలేకపోయినవి. వంశీయుడైన అకుతో ఇచిరో సుమారు నాలుగువందల పీపాలను పాఱబోయనీయక, ఫుకుషిమా ప్రాంతమున మఱియొక మద్యశాలలో దాచుకొనెను. వానినుండి పేకముక్కల బొమ్మలతో వెలువరించిన సీసాలు నేడు వేలములలో మిక్కిలి హెచ్చు వెల పలుకుచున్నవి. ఆయన చిచిబులో చిన్న బట్టీ పెట్టి మొదటి విస్కీ తీసినది 2008లో, మార్కెట్టు అడుగంటియున్న దినములలో. చుట్టుప్రక్కల రైతులు కొందఱు ఇప్పుడాయన కొరకు యవలు పండించుచున్నారు. ఆ బట్టీ తొలి పదియేండ్ల సీసా 2020లో వచ్చినది; మన అలమర గృహస్థునివంటివారు పెక్కుమంది దానికై చీటీ వేసి, పేరు రాక, వీథిమొగ దుకాణమున కాకుబిన్ కొనుక్కొని యింటికి పోయిరి.