పీరు

పారశీకంలో 'పీర్' అంటే ముసలివాడు. వయసుతో వచ్చే గౌరవం ఆ మాటను దారి చూపే గురువు దాకా తీసుకెళ్లింది. మన 'పెద్ద' కూడా వయసు నుంచి ఊరి పెద్దరికానికి ఇలాగే ఎదిగింది.

తెలుగులో పీరుకు మరో అర్థం కలిసింది. మొహర్రంలో పట్టుబట్టలు కట్టి, చావిడి నుంచి ఎత్తుకుని ఊరేగించే లోహపు పంజా కూడా పీరే. గురువును పిలిచిన మాట గుర్తుకూ పేరైంది. ఈ మార్పును అపభ్రంశమంటే నేను ఒప్పుకోను.

అలావా అనే నిప్పుల గుండం చుట్టూ అడుగులేస్తూ పల్లెజనం పాడే పాటలు క్రీ.శ. 680 నాటి కర్బలా యుద్ధాన్ని తెలుగులో చెబుతాయి. ఖలీఫా యజీదుకు విధేయత ప్రకటించని ప్రవక్త మనవడు హుస్సేను, ఆ పాటల్లో మాట తప్పని ఇంటిపెద్ద. పాడేవాళ్లలో ముస్లిములు ఉంటారు, హిందువులూ ఉంటారు. పీరయ్య, ఉసేనప్ప అన్న పేర్లు రెండిళ్లలోనూ వినిపిస్తాయి. అనంతపురం జిల్లా గూగూడులో పీరు కుళ్లాయిస్వామి. కుళ్లాయంటే టోపీ, అదీ పారశీకం నుంచి వచ్చిందే.

ఈ పాటలు చాలావరకు నోటి మీదే ఉన్నాయి. మీ ఊళ్లో పాడే పెద్దలుంటే, ఈ మొహర్రానికే వెళ్లి రాసుకోండి.