నీళ్ళ కూలర్ ఎక్కడ పెట్టాలి?

అన్నలూ, తమ్ముళ్ళూ, ఇది కొంచెం పెద్ద పోస్టు. డ్యూటీ దిగి, తిన్నాక తీరిగ్గా చదవండి.

మేము పదో తరగతి దాకా చదివినోళ్ళం. హెల్పర్లుగా వచ్చి, స్టీలు కట్టి, ఇన్నేళ్ళకు సూపర్‌వైజర్లం అయ్యాం. కొత్త సైటు మొదలైతే ముందు ఒక కాగితం వస్తుంది, సైట్ లేఅవుట్ అని. ఆఫీసు ఎక్కడ, స్టీలు యార్డు ఎక్కడ, క్రేను ఎక్కడ, బాత్రూములు ఎక్కడ, అన్నీ అందులో ఉంటాయి. అది ఇంజనీర్ల సంగతి, మనకెందుకులే అనుకునేవాళ్ళం. అది మన కాళ్ళ మీద గీసిన గీత అని ఒక ఎండాకాలంలో తెలిసింది.

ఆ సైటులో స్టీలు యార్డు ఒక మూల, బిల్డింగు ఇంకో మూల. క్రేను అందదు. రాడ్లన్నీ భుజాల మీద మోశాం. నీళ్ళ కూలర్ గేటు దగ్గర. పోయి రావడానికి పావుగంట. పోతే ఫోర్‌మన్ "తిరుగుడు ఎక్కువైంది" అంటాడు. అందుకని మనోళ్ళు నీళ్ళకు పోవడమే తగ్గించారు. జులైలో ఒక పిల్లగాడు కళ్ళు తిరిగి పడిపోయాడు. దేవుడి దయ, బతికాడు. మర్నాడే బిల్డింగు పక్కన ఇంకో కూలర్ పెట్టారు. ఇంత పైపు, ఇంత వైరు, అంతే ఖర్చు. ఆ చిన్న పనికి ఒక మనిషి పడేదాకా ఎందుకు ఆగారు? ఈ ప్రశ్న పట్టుకుని ఫోనులో చదవడం మొదలుపెట్టాం. చూస్తే ఇది వందేళ్ళు దాటిన కథ.

అమెరికాలో ఫ్రాంక్ గిల్‌బ్రెత్ అని ఒకాయన. 1885లో, పదిహేడేళ్ళ వయసులో ఇటుక పనిలో చేరాడు. మనలాగే మేస్త్రీల దగ్గర నేర్చుకున్నాడు. మేస్త్రి ఒక్కో ఇటుక కోసం కిందికి వంగి లేస్తున్నాడు. చేతిలో లేచేది ఒక ఇటుకే, కానీ దానితోపాటు తన ఒళ్ళంతా లేపుతున్నాడు. అది చూసి గిల్‌బ్రెత్ గోడతోపాటు పైకి జరిగే స్కాఫోల్డింగ్ తయారుచేశాడు. ఇటుక, మాలు రెండూ నడుము ఎత్తులో ఉండేట్టు పెట్టించాడు. ఇటుక మంచి ముఖం పైకి ఉండేలా హెల్పర్లు ముందే పేర్చి ఇస్తారు. ఇటుకకు 18 కదలికలు పట్టే పని 5కు దిగింది. గంటకు 120 ఇటుకలు పెట్టే చోట 350 పెట్టారని టేలర్ అనే ఇంజనీరు 1911లో తన పుస్తకంలో రాశాడు. మనిషిని తరిమితే రాలేదు ఆ పని, వస్తువు చోటు మారిస్తే వచ్చింది.

తర్వాత ఫోర్డు కార్ల కథ. 1913లో డెట్రాయిట్ పక్కన హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో లెక్క తిరగేశారు. అంతకుముందు బండి ఒకచోట ఉండేది, మనుషులు దాని చుట్టూ తిరిగేవారు. ఇప్పుడు మనిషి ఒకచోట నిలబడితే బండే కదిలి వస్తుంది. ఒక ఛాసిస్ బిగించడానికి పన్నెండున్నర గంటలు పట్టేది, 1914 నాటికి 93 నిమిషాలకు వచ్చింది. నడక పోయింది, మంచిదే. కానీ పొద్దంతా అదే చోట, అదే బోల్టు. ఊపిరి తీసుకునే సందు కూడా లేదు. జనం పని మానేసి పోయారు. 14 వేల మంది ఉండాల్సిన ఫ్యాక్టరీకి 1913 ఒక్క ఏడాదిలోనే 52 వేల మందిని తీసుకోవాల్సి వచ్చింది. 1914 జనవరిలో రోజుకు 5 డాలర్లు, 8 గంటల పని అని ప్రకటించారు. ఆ పైసలకు షరతులున్నాయి, అయినా గేటు ముందు జనం విరగబడ్డారు. బండి అడుగులు కొలిచారు గానీ, మనిషి ఓపిక కొలవడం మర్చిపోయారు.

మూడోది చెప్పడానికి మనసు రాదు. 1911 మార్చి 25, న్యూయార్క్, ట్రయాంగిల్ అనే బట్టల ఫ్యాక్టరీ. 8, 9, 10 అంతస్తుల్లో పని. బారుగా కుట్టుమిషన్లు. ఆడపిల్లలే ఎక్కువ, ఇటలీ నుంచి, తూర్పు ఐరోపా నుంచి పొట్టకూటికి వచ్చిన వలస పిల్లలు. దొంగతనం చేస్తారేమోనని పోయేటప్పుడు సంచులు వెతకాలి, అందుకు ఒకే దారి ఉంచి 9వ అంతస్తులో రెండో తలుపుకు తాళం వేశారు. మంటలొచ్చాయి. ఫైరింజను నిచ్చెన ఆరో అంతస్తు దాకే అందింది. ఇనుప మెట్లు బరువుకు కూలాయి. 146 మంది చనిపోయారు. కోర్టులో యజమానులు బయటపడ్డారు. ఆ తర్వాతే పని వేళల్లో తలుపుకు తాళం వేయకూడదు, ఫైర్ డ్రిల్ చేయాలి అని చట్టాలు వచ్చాయి. ఈరోజు మన సైటులో అసెంబ్లీ పాయింట్ బోర్డు చూసి నవ్వుకుంటాం గదా? ఆ బోర్డు వెనక ఇలాంటి చావులున్నాయి.

ఇప్పుడు మన సంగతి. ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 దాకా ఎండలో పని చేయించకూడదని రూలు ఉంది. మంచి రూలు. కానీ నీడ షెడ్డు సైటు అవతలి కొసన ఉంటే, ఆ విశ్రాంతి సగం నడకకే పోతుంది. రూలు టైము ఇస్తుంది. ఆ టైము ఒంటికి అందాలంటే లేఅవుట్ బాగుండాలి.

అందుకే ఇప్పుడు కొత్త సైటులో ఆ కాగితం చేతికి రాగానే మేము మూడు దూరాలు నడిచి చూస్తాం: పని చోటు నుంచి నీళ్ళకు, బాత్రూముకు, బయటి దారికి. ఎక్కువుంటే ఇంజనీరుకు చెప్తాం. "మీకెందుకు" అన్నోళ్ళు ఉన్నారు. "పని పది నిమిషాలు మిగులుద్ది సార్" అంటే మాత్రం వింటారు. వాళ్ళకు ఆ భాష అర్థమవుద్ది, పర్వాలేదు. కూలర్ దగ్గరికొస్తే చాలు.

ఛార్జ్‌హ్యాండ్లు, ఫోర్‌మన్లు అయిన తమ్ముళ్ళకు ఒక్క మాట. మనం కూడా ఒకప్పుడు రాడ్డు మోసినోళ్ళమే. రేపు పొద్దున మీ సైటులో నీళ్ళ దాకా నడిచి, ఎన్ని అడుగులో లెక్కపెట్టండి. ఎన్ని వచ్చాయో కింద రాయండి.