ఎండ్లింగ్

ఒక జాతిలో మిగిలిన చిట్టచివరి ప్రాణిని ఇంగ్లీషులో ‘ఎండ్లింగ్’ అంటారు. ఈ మాట పుట్టి ఎంతో కాలం కాలేదు. వంశంలోనో జాతిలోనో ఆఖరున మిగిలినవారికి ఒక పేరుండాలంటూ 1996లో ‘నేచర్’ పత్రికకు వచ్చిన లేఖ దీన్ని ప్రతిపాదించింది. పాఠకులు వేరే మాటలూ సూచించారు కానీ నిలిచింది ఇదే.

‘ఎండ్’ అంటే ముగింపు. వెనక ఉన్న ‘లింగ్’ మాత్రం బాతుపిల్లను ‘డక్లింగ్’ అనేటప్పుడు వినిపించేదే. పసికూనలకు తగిలించే ముక్కను తెచ్చి అంతరించిపోవడానికి అతికించారు. ఆ అతుకులోని జాలి వల్లనే మాట బతికిందని నా నమ్మకం.

2001లో కాన్‌బెర్రాలోని జాతీయ మ్యూజియం టాస్మేనియా పులి ప్రదర్శనలో ఈ మాటను వాడాక అది జనంలోకి వచ్చింది. ఆ జాతిలో చివరిదిగా తెలిసినది 1936లో హోబర్ట్ జూలో చనిపోయింది. అంతకుముందే, 1914 సెప్టెంబరు 1న, సిన్సినాటి జూలో మార్తా అనే పావురం కన్నుమూసింది. ఒకప్పుడు అమెరికా ఆకాశాన్ని కమ్మేసిన ప్యాసింజర్ పావురాల్లో అదే ఆఖరిది. 2012లో గాలపగోస్‌లో లోన్సమ్ జార్జ్ అనే తాబేలు కూడా తన రకంలో చివరిదిగానే పోయింది.

అడవిలో మాత్రం ఏది చివరిదో ఎవరు చూస్తారు? అంతరించిందనుకున్న మన కలివికోడి పక్షి 1986లో కడప జిల్లా పొదల్లో మళ్లీ దొరికింది. దానికోసం వెతుకులాట ఆ తర్వాతా సాగుతూనే వచ్చింది.