చార్మినార్ కమానులో సగం ఐన్

మొన్న నాచారంలో చాయ్ తాగుతుంటే, తెలిసిన ఆటో భాయ్ ఒకాయన పది రూపాయల సిక్కా తీసి నా అరచేతిలో పెట్టాడు. నడిమి తెల్ల బిళ్ళ కాస్త పక్కకు జరిగినట్టుంది. "సాబ్, ఇది గల్తీ సిక్కా అట. మూడు లక్షలొస్తయట. ముందుగాల రిజిస్ట్రేషన్ కింద రెండు వేలు పంపమన్నడు ఫోన్ల ఒకాయన. బిటియా ఫీజు కట్టాలె, పంపాల్నా?"

పంపొద్దన్నాను. ఇలాంటి ధోకా గురించి రిజర్వ్ బ్యాంకు 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. పాత సిక్కాలు కొంటామని తమ పేరు చెప్పి ఫీజులు, కమీషన్లు అడిగేవారిని నమ్మవద్దని చెప్పింది.

ఉప్పల్, నాచారం వాళ్ళకు ఈ ఖ్వాబ్ ఇంకా దగ్గరిది. మన పొరుగునే, చర్లపల్లిలో, సర్కారీ టక్సాల్ ఉంది మరి. 1997లో సైఫాబాద్ నుంచి ఇక్కడికి వచ్చింది. సంవత్సరం అంకె కింద చిన్న నక్షత్రం ఉంటే అది మన హైదరాబాద్ సిక్కా. ముంబయికి వజ్రం గుర్తు, నోయిడాకు చుక్క, కోల్‌కతాకు ఏ గుర్తూ లేదు. నక్షత్రముంటే లక్షలు అనే మాట శుద్ధ అబద్ధం. అది టక్సాల్ చిరునామా, అంతే.

గల్తీ ఏదో తెలియాలంటే సహీ ఏదో తెలియాలి. ఆసఫ్‌జాహీల హాలీ సిక్కాలు సుత్తి దెబ్బతో కొట్టినవి. ఠప్పా పెద్దది, వెండి బిళ్ళ చిన్నది. అందుకే సగం అక్షరాలు అంచు దాటి పోయేవి. అది గల్తీ కాదు, ఆ జమానా పద్ధతే అది. 1857 తర్వాత మొఘల్ బాద్షా పేరు తీసేసి ఆసఫ్‌జా పేరు వేశారు. పైన 92 అంకె కూడా వచ్చింది. అబ్జద్ లెక్కలో మీమ్ 40, హే 8, మళ్ళీ మీమ్ 40, దాల్ 4. కలిపితే ముహమ్మద్ (స) నామం.

1903లో సైఫాబాద్ టక్సాల్ వచ్చాక మిషన్ సిక్కా మీద చార్మినార్ నిలబడింది. కమానులో మహబూబ్ అలీ ఖాన్ పేరుకు మీమ్ ఉండేది. 1911లో ఆయన ఇంతిఖాల్ తర్వాత ఉస్మాన్ అలీ ఖాన్ పేరుకు ఐన్ వచ్చింది. మొదటి రూపాయల్లో ఆ ఐన్ పొట్టిది, సగమే. తర్వాతి వాటిలో నిండు ఐన్. షౌఖీన్లు రెంటినీ వేరువేరుగా దాచుకుంటారు. నా దృష్టిలో ఇది కూడా గల్తీ కాదు. ఠప్పా చెక్కిన కారీగర్ చేతిలోంచి వచ్చిన మార్పు. గల్తీ అంటే ఠప్పా సరిగ్గానే ఉండి, కొట్టేటప్పుడు తప్పిపోవడం.

అసలు గల్తీల్లో నాకు ఎక్కువ ఇష్టమైనది 'లఖీ'. కొట్టిన సిక్కా ఠప్పాకే అతుక్కుని ఉండిపోతుంది. కింద కొత్త బిళ్ళ వస్తుంది. అప్పుడు దాని ఒక వైపు బొమ్మ మామూలుగా, రెండో వైపు అదే బొమ్మ అద్దంలోలా తిరగబడి, లోపలికి నొక్కుకుని పడుతుంది. ఇంట్లో సుత్తితో దీన్ని నకలు చేయడం కష్టం. బొమ్మ పక్కకు జరిగినవి, రెండుసార్లు కొట్టినవి కూడా ఉన్నాయి. జరిగిన సిక్కాకు కీమత్ రావాలంటే జరిగింది కొట్టొచ్చినట్టు కనిపించాలి, సంవత్సరం అంకె మిగలాలి. వెంట్రుకవాసి తేడాకు ఎవరూ ఏమీ ఇవ్వరు. చింతపండుతో తోమారంటే ఉన్న కీమత్ కూడా పోతుంది.

పది రూపాయల సిక్కాలో వలయాన్నీ నడిమి బిళ్ళనూ ఒకే దెబ్బతో కొట్టి అతికిస్తారు. బిళ్ళ టక్సాల్లోనే జరిగి ఉంటే, అది జరిగిన చోటే దాని మీదా వలయం మీదా బొమ్మ ఒకే వరసలో సాగాలి. ఆటో భాయ్ సిక్కాలో గీతలు తెగిపోయాయి. బిళ్ళ అంచు మీద మేకుతో పొడిచినట్టు గాటు ఉంది. బయట ఎవరో చేసిన పని.

చూపించాను. చాలాసేపు చూశాడు. "మీ తాన పాతది ఉన్నదా సాబ్?" అన్నాడు.

నానీ ఇచ్చిన చార్మినార్ రూపాయి ఉంది. నిండు ఐన్, చాలా ఇళ్ళల్లో దొరికేదే. వెండి ధరకంటే పెద్దగా ఎక్కువ రాదని చెప్పాను. ఆయన ఫోన్ తీసి ఆ నంబర్ బ్లాక్ చేశాడు.